1931 జనాభా లెక్కల్లో మా ముత్తాత ఇంటి కాగితం దొరుకుతుందా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇక్కడే ఒక బడిలో పని చేస్తున్నాను. నా చదువంతా ఒడియా మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించండి.

మా నాన్నగారికి 79 ఏళ్ళు. వచ్చే మహాలయ పక్షాలకి గయ వెళ్ళాలని ఆయన కోరిక. పోయినేడు మా తాతగారి తద్దినం రోజు బ్రహ్మగారు మూడు తరాల పేర్లు అడిగారు. నాన్న వాళ్ళ నాన్న పేరు చెప్పారు, తాత పేరు చెప్పారు, మూడో పేరు దగ్గర ఆగిపోయారు. ఎవరికీ తెలీదు. ఆ పూట నాన్న సరిగ్గా భోంచెయ్యలేదు. అప్పట్నించీ ఆ మూడో పేరు ఎలాగైనా తెలుసుకోవాలని తిరుగుతున్నాను.

మాకు తెలిసింది ఇంతే. నాన్న వాళ్ళ తాత, అంటే మా ముత్తాత, కాశీనగరం వైపు వంశధార ఒడ్డునున్న పల్లెలో పుట్టారు. వయసులో ఉండగా రంగం (రంగూన్) వెళ్ళారు. మా నాన్నమ్మ బతికుండగా అనేది: "మా మావ రంగంలో గలాటాలయ్యాక ఒట్టి చేతుల్తో వొచ్చీసినాడు. ఆయన తమ్ముడు అక్కడే ఉండిపోనాడు, మరి రానేదు." తర్వాత పర్లాకిమిడిలో స్థిరపడ్డారు. పుట్టిన ఊరు ఏదంటే ఇంట్లో ఇద్దరు రెండు పేర్లు చెబుతారు. ఒకటి ఇప్పుడు ఒడిశాలో ఉంది, ఇంకోటి ఆంధ్రాలో ఉంది. దానికి తోడు నాన్నగారి సర్టిఫికెట్లలో ఇంటిపేరు పోయి చివర 'రావు' ఒక్కటే మిగిలింది.

మా పిన్ని కూతురు లండన్‌లో ఉంటుంది. వాళ్ళ ఇంటి ఓనరు 1921 సెన్సస్‌లో తన తాత కాగితాన్ని కంప్యూటర్లో చూపించాడట. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరి వయసెంత, ఎవరేం పని చేసేవారు, అన్నీ ఆ ఇంటాయన సొంత చేతిరాతలోనే ఉన్నాయట. మనకి కూడా 1931 లెక్కలు అలా ఉంటే, మా ముత్తాత ఇంట్లో ఆయన తండ్రి బతికుంటే, ఆ పేరు దొరుకుతుంది కదా. ఆ కాగితాలు ఎక్కడుంటాయి? భువనేశ్వరా, మద్రాసా? ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?

జవాబు (గుణుపురం, రిటైర్డ్ హెడ్‌మాస్టర్)

అమ్మా, మీ నాన్నగారూ నేనూ ఇంచుమించు ఒక ఈడువాళ్ళం. ఆయన ఆ పూట ఎందుకు తినలేకపోయారో నాకు తెలుసు. అందుకే తిప్పించకుండా ముందే చెప్పేస్తున్నాను. ఆ కాగితం దొరకదు. ఉంది, కానీ ఇవ్వరు అని కాదు, అసలు ఉంచలేదు. లేనిదాని కోసం మీరు భువనేశ్వర్ బస్సెక్కడం నాకిష్టం లేదు.

ఇంగ్లండ్‌లో వంద ఏళ్ళు దాటాక కాగితాలు తెరుస్తారు. అలా 1921వి 2022 జనవరిలో బయటికొచ్చాయి. వాళ్ళ 1931 కాగితాలు మాత్రం 1942లో మంటల్లో కాలిపోయాయి. మన దగ్గర కాలిపోలేదు, పని అయిపోయాక తీసేశారు. 1931లో లెక్క తీసినవాళ్ళు మనలాంటి బడిపంతుళ్ళు, కరణాలే. ఇల్లిల్లూ తిరిగి ముందే రాసుకుని, ఫిబ్రవరి 26 రాత్రి మళ్ళీ వెళ్ళి సరిచూసేవారు. ఆ మధ్యలో పుట్టినవాళ్ళని చేర్చాలి, పోయినవాళ్ళని కొట్టెయ్యాలి, ఊళ్ళోకి చుట్టం వస్తే ఆ చుట్టాన్నీ రాయాలి. ఆ తర్వాత ఒక్కో మనిషికి ఒక్కో చీటీ రాసేవారు. మతాన్నిబట్టి చీటీ రంగు మారేది. ఆ చీటీలను గూళ్ళలో పడేసి, గూటికెన్ని ఉన్నాయో లెక్కపెట్టేవారు. పట్టికలు అచ్చయ్యాయంటే చీటీలతో పని లేదు. ప్రభుత్వానికి కావలసింది ఎంతమంది అన్నది. మనిషి పేరు లెక్క తప్పకుండా ఉండడానికే.

నేను 1971లో, 81లో, 91లో ఎన్యూమరేటర్‌గా తిరిగాను. కట్టలు కట్టి, సంతకం పెట్టి ఇచ్చాను. మళ్ళీ కళ్ళ చూడలేదు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ కాగితాలను ఎవరూ తనిఖీ చెయ్యకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు. భయం లేకుండా నిజం చెప్పమని జనాన్ని అడగాలంటే ఆ మాట ఇవ్వాలి. ఇంటింటా నేనూ ఆ మాట ఇచ్చాను. అందుకే ఆ చట్టం మీద నాకు కోపం రాదు.

అయినా లెక్కల పుస్తకాలు పారెయ్యకండి. మీ ముత్తాతగారి పేరు వాటిలో ఉండదు గాని, ఆయన చుట్టూ ఉన్న లోకం ఉంటుంది. అవి ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి, సెన్సస్ శాఖ డిజిటల్ లైబ్రరీలోనూ ఉన్నాయి. కాకపోతే ఏ పుస్తకం తియ్యాలో మనవైపువాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి. ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. కాబట్టి 1931కి 'ఒరిస్సా' పుస్తకం తీస్తే పర్లాకిమిడి కనపడదు. మద్రాసు సంపుటంలో గంజాం జిల్లా చూడాలి. అప్పుడు చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), టెక్కలి కూడా గంజాంలోనే ఉండేవి. ఇవాళ మీకు నది అవతల ఒక రాష్ట్రం, ఇవతల ఒక రాష్ట్రం. మీ ముత్తాతగారికి రెండూ ఒకే పర్లాకిమిడి తాలూకా. ఇంట్లో చెప్పే రెండు ఊళ్ళూ అప్పట్లో ఒకే తాలూకా దస్తరంలో ఉండి ఉండొచ్చు. మా గుణుపురమైతే అప్పుడు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. 1936లో కోరాపుట్‌లో పడింది, 1992లో రాయగడ జిల్లా అయింది. మా నాన్న ఒకే ఇంట్లో పుట్టి అదే ఇంట్లో పోయాడు. ఆయన చిరునామా మాత్రం మారుతూనే ఉంది.

1951 నుంచి జిల్లాకొక హ్యాండ్‌బుక్ వేశారు. అందులో ఊరూరా ఎన్ని ఇళ్ళు, ఎంతమంది జనం, ఎంతమంది చదువుకున్నవాళ్ళు అన్నది ఉంటుంది. ఆ రెండు ఊళ్ళనీ అందులో చూడండి. మీ ఇంటిపేరువాళ్ళు ఇప్పటికీ ఏ ఊళ్ళో ఉన్నారో కనుక్కోవడానికి ఎక్కడినుంచి మొదలెట్టాలో తెలుస్తుంది. పాత పర్లాకిమిడి ఎంత ఉండేదో కూడా ఊహకొస్తుంది. 1901లో పట్నం మొత్తం 17,336 మంది. అంత చిన్న పట్నంలో కొత్తగా వచ్చి దిగిన మనిషి ఎవరి కొడుకో నలుగురికీ తెలిసే ఉంటుంది.

ఇక రంగం సంగతి. మీ నాన్నమ్మగారు చెప్పిన గలాటాలు 1930 మే నెలలో రంగూన్ రేవులో జరిగినవే అయ్యుంటాయి. అక్కడ ఓడల్లో సరుకు ఎత్తేవాళ్ళు ఎక్కువమంది మన తెలుగువాళ్ళు. ఆ గొడవల్లో చాలామంది చనిపోయారు, ఎందరో ఓడెక్కి వచ్చేశారు. మీ ముత్తాతగారు అప్పుడు వస్తే 1931 ఫిబ్రవరిలో గంజాం లెక్కలో పడ్డారు. తమ్ముడు బర్మా లెక్కలో పడ్డాడు. బర్మా అప్పటికి ఇండియాలో భాగమే, 1937లో విడిపోయింది. ఆ సంపుటంలో మద్రాసు రాష్ట్రంలో పుట్టినవాళ్ళు అక్కడ ఎంతమంది ఉన్నారో పట్టిక ఉంది. ఆ అంకెలో ఒకటి మీ చిన్నముత్తాత. ఆ పట్టిక తెరిచినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. మా ఇంట్లోంచి కూడా ఒకాయన అలాగే వెళ్ళాడు. నాటాల్, ఫిజీ వెళ్ళిన ఒప్పంద కూలీలకు మనిషికొక కాగితం ఉండేది. తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటి మీద పుట్టుమచ్చ కూడా రాసేవారు. రంగం వెళ్ళినవాళ్ళు కూలీలను పోగుచేసే మేస్త్రీ మాట మీద ఓడ డెక్కు ఎక్కినవాళ్ళు. ఆ కాగితం వాళ్ళకి లేదు.

లెక్కల కాగితంలో మాతృభాష గడి గురించి కూడా ఒక మాట. 1931లో మన గంజాంలో ఆ గడి మీద పెద్ద రగడ జరిగింది. ఎల్లలు ఎక్కడ గియ్యాలో తేల్చడానికి ఓడొనెల్ కమిటీ కూర్చోబోతోంది. తెలుగువాళ్ళ లెక్క పెంచారని వాళ్ళు, ఒడియావాళ్ళ లెక్క పెంచారని వీళ్ళు. అందుకే ఆ భాషా పట్టికల్లో ఉన్న అంకెను గుడ్డిగా నమ్మొద్దు. 1981లో నేను లెక్క తీస్తున్నప్పుడు ఒక ముసలామె అంది: "ఇంట్లో తెలుగు బాబూ, సంతలో ఒడియా, కొండ దిగొచ్చినోళ్ళతో సవర. ఏది రాస్తావో రాసుకో." నేను తెలుగు అని రాశాను, మిగతా రెండూ తెలిసిన భాషల గడిలో వేశాను. ఆ మూడు భాషల మనిషిని ఒక్క గడిలో కూరితే ఎలా పడుతుంది? అంతకుముందు వయసు అడిగితే "ఏభయ్యో అరవయ్యో వెయ్యి" అంది. ఏ పాత కాగితంలోనైనా 30, 40, 50 అని వయసు కనపడితే అది చేత్తో తూచిన వయసు అనుకోండి.

పేరు కావాలంటే, పేరు లేకపోతే పని జరగని కాగితాలు వెతకాలి. శిస్తు కట్టినది, బడిలో చేర్చినది, ఆస్తి కొన్నది. వాటి గురించి నాకన్నా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు, చెబుతారు. గొలుసుకట్టు రాత దొరికి చదవలేకపోతే ఫోటో తీసి పంపండి. నా కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి.

జవాబు (బరంపురం నుంచి)

అక్కా, మాస్టారు చెప్పింది నూటికి నూరు నిజం. నేను కూడా సెన్సస్ అనే మొదలుపెట్టి ఆరు నెలలు పోగొట్టుకున్నాను. మాది నేత కుటుంబం. మాకు దారి చూపించింది బడి అడ్మిషన్ రిజిస్టర్. అది శాశ్వతంగా ఉంచాల్సిన రికార్డు, పాత బళ్ళలో చాలాచోట్ల ఉంటుంది. మా తాతని చేర్చినప్పుడు తండ్రి పేరు, ఇంటిపేరు, కాపురం ఉన్న ఊరు, పుట్టిన తేదీ రాశారు. 1936కి ముందు పేజీల్లో ఇంటిపేరు ముందు ఉంది. తర్వాతి పేజీల్లో మా చిన్నతాత దగ్గరకొచ్చేసరికి ఇంటిపేరు ఎగిరిపోయి చివర ఇంకో మాట వచ్చింది. ఒకే తల్లి పిల్లలు, రెండు వేరు కుటుంబాల్లా కనిపిస్తారు. మీ తాతగారు పర్లాకిమిడిలో చదివి ఉంటే ఆ రిజిస్టర్ చూడండి. మూడో పేరు అందులో ఉండదు గాని అసలు ఇంటిపేరు, ఊరు తేలిపోతాయి. అవి లేకుండా ఎక్కడికెళ్ళినా గుమ్మంలోనే ఆపేస్తారు.

పుట్టిన తేదీని మాత్రం మరీ నమ్మకండి. మా తాతకి రిజిస్టర్లో ఒకటి, జాతకంలో ఒకటి. జాతకంలో 'అక్షయ నామ సంవత్సరం' అని ఉంది, అంటే 1926-27. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి తండ్రీకొడుకుల వయసు చూసుకుని ఏ అక్షయో తేల్చుకోవాలి.

జవాబు (పాతపట్నం, డాక్యుమెంట్ రైటర్)

నమస్తే అమ్మా. నాది ముప్ఫై ఏళ్ళుగా దస్తావేజులు రాసే పని. మీరు రాసిన దాంట్లో నాకొక్క మాట తట్టింది. ఒట్టి చేతుల్తో వచ్చినాయన పర్లాకిమిడిలో స్థిరపడ్డారు అన్నారు. ఎక్కడ స్థిరపడ్డారు? అద్దె ఇల్లా, సొంత ఇల్లా? సొంతదైతే ఎవరో అమ్మారు, ఈయన కొన్నారు. కొంటే రాసుకున్నారు. రాసుకుంటే రిజిస్ట్రీ అయి ఉంటుంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒకటో నంబరు పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజుల నకళ్ళు ఉంటాయి. వాటికి ఇండెక్సులు ఉంటాయి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్ల మీద, రెండో ఇండెక్సు ఆస్తి మీద. అమ్మినవాళ్ళ పేరూ కొన్నవాళ్ళ పేరూ రెండూ ఎక్కుతాయి. ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామాల పుస్తకం అలా చూపించరు, ఇది చూపిస్తారు. పాత తెలుగు దస్తావేజులో మొదటి రెండు పంక్తులే మీకు కావలసినవి. "గంజాం జిల్లా పర్లాకిమిడి తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు" అని తండ్రి పేరు రాయకుండా ఏ లేఖరీ మొదలుపెట్టడు. నేను ఇప్పటికీ అలాగే రాస్తాను.

సంవత్సరం తెలీకపోతే 1930 నుంచి 1940 దాకా సెర్చ్ పెట్టండి. ఇంటిపేరు మీదే వెతకమనండి, 'రావు' మీద కాదు. పర్లాకిమిడిలో ఇప్పుడున్న స్టాఫ్‌కి తెలుగు చదవడం రాకపోవచ్చు. విసుక్కోకుండా పక్కన నిలబడి మీరే చదివి పెట్టండి.

ప్రశ్న అడిగినావిడ మళ్ళీ (మూడు నెలల తర్వాత)

అందరికీ నమస్కారం. ఆలస్యమైంది, క్షమించండి. చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

ముందు బరంపురం తమ్ముడు చెప్పినట్టు బడి రిజిస్టర్ చూశాను. తాతగారి పేరు దొరికింది. ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఊరి పేరు చూస్తే ఇంట్లో చెప్పే రెండింటిలో ఆంధ్రా వైపున్నది. మాస్టారు చెప్పినట్టు అప్పుడది పర్లాకిమిడి తాలూకానే.

ఆ ఇంటిపేరు పట్టుకుని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళాను. నాలుగుసార్లు తిరిగాను. ఇండెక్సులో పేరు కనపడినప్పుడు పక్కనున్న గుమస్తా ఒడియాలో "ఇదేనా?" అని అడిగితే నాకు మాట రాలేదు, తల ఊపాను. 1934 నాటి క్రయ దస్తావేజు. ఇప్పుడు మేముంటున్న ఇంటి స్థలమే. నకలు వచ్చాక చూస్తే అంతా గొలుసుకట్టు, నాకు 'గంజాం జిల్లా' తప్ప ఒక్క ముక్క తెలియలేదు. మాస్టారికి ఫోటో పంపితే ఆ సాయంత్రమే మొత్తం విడదీసి రాసి పంపారు. మాస్టారూ, మీ రుణం తీర్చుకోలేను.

మూడో పేరు ఉంది. "కీర్తిశేషులు" అని ముందు రాసి ఉంది, అంటే 1934కే ఆయన లేరు. పేరు ఇక్కడ రాయడం లేదు, అది ముందు గయలో నాన్న నోట రావాలి. ముత్తాతగారి వయసు 35 అని ఉంది. చేతి తూకమే కావొచ్చు.

నాన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత సాక్షుల పేర్లు కూడా చదవమన్నారు. ఇద్దరు సాక్షులు. మొదటాయన పక్కింటాయన. రెండో పేరు చదువుతుంటే నాన్న లేచి కూర్చున్నారు. అదే ఇంటిపేరు, అదే తండ్రి పేరు, వయసు 28, వేలిముద్ర నిశానీ. రంగంలో ఉండిపోయి మరి రాలేదని చెప్పుకున్న తమ్ముడు. 1934లో ఇక్కడే, ఈ పట్నంలోనే, అన్న స్థలం కొంటుంటే పక్కన నిలబడి వేలిముద్ర వేశాడు.

మళ్ళీ వెళ్ళాడా, ఇక్కడే ఉన్నాడా, పిల్లలున్నారా? నాన్న రోజూ అడుగుతున్నారు. డాక్యుమెంట్ రైటర్ గారూ, సాక్షి పేరు మీద ఇండెక్సు ఉండదు కదా. ఈయన కోసం నేను ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

జవాబు (పాతపట్నం, డాక్యుమెంట్ రైటర్)

సాక్షి పేరు ఇండెక్సుకి ఎక్కదమ్మా. కానీ ఆయన ఊళ్ళో ఉండి ఉంటే తండ్రి భూమి పంచుకుని ఉంటాడు. పాత ఊరు ఇప్పుడు మా వైపే ఉంది కాబట్టి అన్నదమ్ముల పంపకం దస్తావేజు గాని, ఆయన వాటా అమ్మిన కాగితం గాని ఆ ఇంటిపేరు మీద వెతకాలి. ఆదివారం నాన్నగారిని తీసుకుని మా ఇంటికి రండి. ఆ ఊరు ఇక్కడికి దగ్గరే. ముందు ఊళ్ళోకెళ్ళి పెద్దవాళ్ళని అడుగుదాం, సోమవారం ఆఫీసు తెరిచాక నేనూ వస్తాను.